అత్త కోలాటం, నా చెవి రబ్బర్లు

మీరిప్పుడు చదవబోయేది మహాకావ్యం. ఇందులో మూడు నగరాలున్నాయి. రంగురంగుల వస్త్రాలు కట్టి, రెండు చేతులా ఆయుధాలు పట్టిన పదహారు మంది వీరవనితలున్నారు. వాళ్ళ ముందు నడిచే నాయకురాలు ఉంది, నిండు సభలో ఆమె పతనం ఉంది, ఆ పతనానికి కారకుడైన ఇంటిదొంగ ఉన్నాడు.

సరే, అంత లేదు. నగరాలు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. బస్సులో కునుకు పట్టేలోపు ఒకటి పోయి ఇంకొకటి వస్తుంది. ఆయుధాలు కోలాటం కోలలు. నాయకురాలు మా మేనత్త. ఇంటిదొంగను నేను. ఇక ఇంత రభసకూ మూలం, ఇయర్‌ఫోన్ల కొసకు తొడిగే రబ్బరు టోపీ. చిటికెన వేలి గోరంత ఉంటుంది. కింద పడితే మంచం జరిపి వెతకడానికి కూడా బద్ధకం వేసే వస్తువు.

ప్రొద్దుటూరులో ఒక ఫోటో స్టూడియోలో నాది ఎడిటింగ్ పని. అంటే పెళ్ళి వీడియోలో పెళ్ళికొడుకు ఆవులించిన చోటల్లా కత్తిరించి, అక్కడ పూలు రాలుస్తుంటాను. స్టూడియో ఉన్నది బంగారు అంగళ్ళ వీధిలో. పొద్దున్నుంచి ఎవరో ఒకరు మైకులో తరుగు లేదు, మజూరీ లేదు అని అరుస్తూనే ఉంటారు. ఆ అరుపుల మధ్య నాదస్వరాన్ని సరిచేయాలంటే ఇయర్‌ఫోన్లు తప్పవు.

నా రెండు చెవులకూ పొత్తు కుదరదు. కుడి చెవికి మధ్య సైజు రబ్బరు సరిపోతుంది, ఎడమ చెవికి పెద్దది కావాలి. డబ్బాలో మాత్రం మూడు సైజులూ జతలుగానే ఇస్తారు. తయారు చేసినవాడికి మనుషుల మీద అంత నమ్మకం. నేను ఒక జతలో ఒకటి, ఇంకో జతలో ఒకటి వాడుకుంటూ వచ్చి, అవీ, వాటి జోడులూ పోగొట్టుకుని, చివరికి మిగిలిన చిన్న జతతో బతుకు వెళ్ళదీస్తుండేవాణ్ణి. చిన్నవి చెవిలో నిలవవు. నవ్వితే జారతాయి, ఆవులిస్తే ఊడతాయి. ఊడకపోయినా పక్కన సందు ఉంటుంది. గ్యాస్కెట్ సాగిపోయిన కుక్కర్‌లో ఆవిరి ఎట్లా నిలవదో, సందున్న చెవిలో డోలు మోత అట్లా నిలవదు. గొంతు వినిపిస్తుంది, గాజులు వినిపిస్తాయి, తాళం వినిపిస్తుంది. అడుగున ఉండాల్సిన బరువు మాత్రం ఉండదు. పాట మొత్తం నేల మీద కాలు పెట్టకుండా ఎగురుతున్నట్టుంటుంది.

అది ఇయర్‌ఫోన్ల జబ్బు అనుకుని, వీధి చివర మొబైల్ అంగడికి పోయాను. అంగడి భాయ్ కొన్నాళ్ళు కువైట్‌లో పనిచేసి వచ్చిన మనిషి. నా ఇయర్‌ఫోన్లు ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు.

“కొత్తది కావాల్నా మామా? దీనికేం రోగం?”

“డోలు వినపళ్ళేదు భాయ్.”

“ఇది ఇయర్‌ఫోన్ రోగం కాదు, రబ్బరు రోగం. ఇదో, స్పాంజివి పెట్టుకో. వేళ్ళతో నలిపి సన్నగా చేసి చెవిలో దూర్చి పట్టుకో. లోపల అదే ఉబ్బుతాది. ఇంట్లోవాళ్ళు పిలిచినా వినపడదు. నీకింకా పెళ్ళి కాలేదు గదా, అయినాంక దీని విలువ తెలుస్తాది.”

పెట్టుకున్నాను. మొదట ఏమీ లేదు. తర్వాత మెల్లగా, ఎవరో బయటి లోకానికి తలుపు దగ్గరగా వేస్తున్నట్టు, వీధి సన్నబడింది. తరుగూ మజూరీ రెండూ మాయమయ్యాయి. పాట పెడితే డోలు నా కడుపులో మోగింది. ఇన్నాళ్ళూ అదే పాట, అదే ఫోను, అవే ఇయర్‌ఫోన్లు. మారింది గోరంత స్పాంజి ముక్క.

అప్పటినుంచి కొన్ని వారాలు నాకు వేరే లోకం లేదు. మూతి వెడల్పుగా ఉన్న రబ్బరు తొడిగితే గజ్జెలూ గాజులూ మెరుస్తాయి. మూతి ఇరుకైతే అవే దుప్పటి కప్పుకుని పడుకుంటాయి. గొడుగు మీద గొడుగు పెట్టినట్టుండే రెండంతస్తుల రబ్బరు ఒకటుంది, అది లోపలికి పోతే పోతుంది గానీ తీసేటప్పుడు మెదడు కూడా వస్తుందేమోనని భయం వేస్తుంది. స్పాంజి పెడితే అడుగు మోత పెరుగుతుంది, పైన ఉండే మెరుపు కొంచెం మెత్తబడుతుంది. ఇవన్నీ నేను అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాను. స్టూడియో ఓనరు నేను నోరు తెరిస్తే టీ తాగడానికి బయటికి పోయేవాడు. ఆ నెలలో ఆయన తాగిన టీలకు నాదే బాధ్యత.

ఈ జ్ఞానమంతా నెత్తికెక్కిన సమయంలోనే మా అత్త ఫోన్ చేసింది.

అత్తది జమ్మలమడుగు. ఇంట్లోనే కూర్చుని చీరలకు ఫాల్స్ కుడుతుంది. వాళ్ళ వీధిలో ఆడవాళ్ళంతా కలిసి గురువును పెట్టుకుని కోలాటం నేర్చుకున్నారు. అందరికంటే పెద్ద వయసు అత్తదే, అయినా ముందు వరసలో నిలబడేది ఆమే. దానికి కారణం ఉంది. కోలాటంలో ఒక్కో రకం అడుగుల కూర్పును ఒక్కో కోపు అంటారు. ఒక కోపులోంచి ఇంకో కోపులోకి అందరూ ఒకేసారి మారాలి. మామూలుగా గురువులు మారే చోట విజిల్ ఊదుతారు. ఈ గురువు ఊదడు. విజిల్ ఊదడం బస్టాండులో కానిస్టేబుల్ పని అంటాడు. ఆయన పాడుతుంటే ఆయన తమ్ముడు డోలు కొడతాడు. కోపు మారే ముందు డోలు ఎడమ పక్కన రెండు లావు దెబ్బలు పడతాయి. ఆ రెండు దెబ్బలే గుర్తు. కొత్తవాళ్ళు పక్కవాళ్ళ కాళ్ళు చూసి మారతారు. అత్త ఎవరి కాళ్ళూ చూడదు. తల ఎత్తి, ఎదురుగా దేవుణ్ణి చూస్తూ, చెవితో అడుగేస్తుంది. అందుకే ఆమె ముందు, మిగతావాళ్ళు వెనక.

పులివెందులలో ఒక గుడి ఉత్సవానికి వాళ్ళకు పిలుపొచ్చింది. అదే రోజు డోలాయన మామ కూతురి పెళ్ళి. డోలు రాదు.

“మేం ఆడ్తాంటే గురువు పాట, ఆయన తమ్ముని డోలు, ఫోన్లో రికార్డు చేసి పెట్టినాం అబ్బీ,” అంది అత్త. “అంతా గలగలమంటాంది. నువ్వు మిషన్లో వేసి మంచిగా చేసియ్యి. ఆడ పెద్ద బాక్సుల్లో పెడ్తారంట.”

నేను చేతులు రుద్దుకున్నాను. స్పాంజీలు నలిపి చెవుల్లో దూర్చాను. విన్నాను. అబ్బ, ఏం డోలు! ఇంటి వెనక రోకలితో దంచుతున్నట్టుంది. గురువు గొంతు దాని కింద నలిగిపోతోంది. కోలల చప్పుడు మొద్దుబారింది. ఇది మోటుగా ఉంది, దీన్ని నాగరికం చేయాలి అనుకున్నాను. డోలు బాగా తగ్గించాను. గురువు గొంతు పెంచాను. కోలల చప్పుడుకు మెరుపు పెట్టాను. మళ్ళీ విన్నాను. అద్భుతం. స్పాంజి చెవిలో ఆ తగ్గించిన డోలు సరిగ్గా సరిపోయింది.

జమ్మలమడుగు పోయి అత్తకు వినిపించాను. ఆమె అప్పుడే అడిగింది. ఈ మాట నేను మర్చిపోదామనుకున్నా మర్చిపోలేను.

“ఎదురింట్లో బాక్సు ఉండాది. దాంట్లో పెట్టి ఒక్కసారి వినిపియ్యి. నిలబడి కాలు కదిపి చూస్తా.”

“అత్తా, ఆ బాక్సు రేకు డబ్బా. దాంట్లో దేవుడు పాడినా దగ్గినట్టే ఉంటుంది. ఇవి పెట్టుకో,” అని నా స్పాంజీలు నలిపి ఆమె చెవుల్లో దూర్చాను. కాసేపు కళ్ళు మూసుకుని వింది. కుర్చీలోనే కాలి బొటనవేలు రెండుసార్లు నేలకు తాకింది. “బాగుండాదిరా. దెబ్బ బాగా పడ్తాంది,” అంది. నా సొంత వంటను నేనే రుచి చూసి నేనే మెచ్చుకున్నట్టయింది. కాకపోతే ఈసారి నాలుక అత్తది.

పులివెందులకు నేను కూడా పోయాను. వీడియో తీయడానికని చెప్పాను. నా పనితనం నలుగురి మధ్య వినాలని అసలు కోరిక. చిలకపచ్చ చీరలు, ఎర్ర రవికలు, పదహారు మంది రెండు వరసల్లో నిలబడ్డారు. ముందు ఒక పక్క అత్త, రెండో పక్క ఎదురింటి ఆమె. నేను వదినా అంటాను, అత్త కంటే చాలా చిన్నది. గురువు ఆ వదిన వైపున, బాక్సుల పక్కన నిలబడ్డాడు.

పాట మొదలైంది. గురువు గొంతు గుడి గోపురం దాకా పోయింది. కోలలు గాజు పెంకుల్లా మెరిశాయి. డోలు లేదు.

తగ్గడం కాదు, లేదు. ఆరుబయట, అంత జనంలో, స్పాంజి లేని మామూలు గాలిలో, నేను మిగిల్చిన ఆ కాస్త డోలు ఎటు పోయిందో తెలియలేదు. మొదటి కోపు బాగానే నడిచింది. మారే చోటు వచ్చింది. గురువు గడ్డం ఎత్తాడు. ఆయన పక్కనే ఉన్న వదిన చూసి తిరిగింది, ఆమె వెనక వరస తిరిగింది. అత్త దేవుణ్ణి చూస్తూ, రాని దెబ్బల కోసం ఆగుతూ, పాత కోపులోనే ముందుకు పోయింది. ఆమె వెనకవాళ్ళు ఎటు పోవాలో తెలియక సగం సగం తిరిగారు. అత్త కోల గాలిని కొట్టింది. రెండోది ఎదురుగా వచ్చినామె మణికట్టుకు తగిలింది. జనంలో ఎవరో విజిల్ వేశారు. గురువు ఊదనన్న విజిల్ ఆ విధంగా పడింది. పిల్లలు నవ్వారు, తర్వాత పెద్దలు నవ్వారు. అత్త ఒక్క క్షణం చుట్టూ చూసి, పక్కవాళ్ళ కాళ్ళు చూసి, అడుగు కలుపుకుంది. ఆ తర్వాత పాట అయిపోయేదాకా ఆమె తల ఎత్తలేదు. అందరి కాళ్ళే చూస్తూ ఆడింది.

తిరిగొచ్చేటప్పుడు టెంపోలో ఎవరూ మాట్లాడలేదు. నాకు నిశ్శబ్దం పడదు. చిన్నప్పటినుంచీ ఎక్కడైనా మాట బరువెక్కితే అందులో సూది గుచ్చడం నా వృత్తి. అప్పటికి నాకు అసలు విషయం ఇంకా వెలగలేదు. బాక్సులవాడు సరిగ్గా పెట్టలేదనుకుంటున్నాను. ముద్దనూరు దాటాక నోరు ఆగలేదు.

“ఏం అత్తా, చెవుల్లో పత్తి పెట్టుకుని ఆడినావా ఏంది? మా జేజి పోతూపోతూ చెవులు నీ పేరున రాసిచ్చిందా?”

టెంపో అంతా నవ్వింది. వదిన నవ్వింది. గురువు కూడా మీసం కింద నవ్వాడు. అత్త అందరికంటే గట్టిగా నవ్వింది. నా జోకు పేలిందని నాకు సంతోషం వేసింది.

ఆ జోకు గురించి తెలియాల్సింది ఒకటుంది. జేజి అంటే మా నాయన అమ్మ, అత్తకూ అమ్మే. అత్తకు ఇప్పుడున్న వయసుకే ఆమెకు చెవులు తగ్గాయి. మొదట ఇంట్లో అందరూ గట్టిగా అరిచి చెప్పేవాళ్ళు. తర్వాత సైగలు చేసేవాళ్ళు. తర్వాత చెప్పడమే మానేశారు. జేజి వాకిట్లో కూర్చుని, ఎవరు నవ్వితే వాళ్ళను చూసి తనూ నవ్వేది. ఎందుకు నవ్వుతున్నామో ఆమెకు తెలియదు. ఆమెను అట్లా చూసి మేము ఇంకా నవ్వేవాళ్ళం. ఆమెకు చివరిదాకా అన్నం పెట్టింది అత్త.

కొన్ని రోజులకు మా నాయన ఫోన్ చేశాడు.

“మీ అత్త ప్రొద్దుటూర్లో చెవుల డాక్టరు యాడుంటాడని అడుగుతాంది. మిషన్ పెట్టుకోవాల్నేమో అంటాంది. ముందు వరస గూడా ఇడ్చిపెట్టిందంట.”

“ఎందుకు?”

“వినపళ్ళేదంట. ఇంట్లో నీ ఇయర్‌ఫోన్లో వినపడిన డోలు ఆడ అంత పెద్ద బాక్సుల్లో వినపళ్ళేదంట. పక్కనోళ్ళందరికీ వినపడిందంట. ‘అమ్మకు వచ్చినట్టే నాకూ వచ్చింది, పిల్లోడు గూడా కనిపెట్టినాడు’ అనింది.”

పిల్లోడంటే నేను. ఫోన్ పెట్టేశాక స్టూడియోలో పెళ్ళి మండపాలకు వాడే పెద్ద స్పీకర్లు తీసి, ఆ పాట పెట్టాను. ఓనరు టీకి పోలేదు, కూర్చుని విన్నాడు.

“డోలు యాడుంది?” అన్నాడు.

స్పాంజీలు పెట్టుకుని విన్నాను. ఉంది. తీసేసి విన్నాను. లేదు. పెట్టుకుంటే ఉంది, తీస్తే లేదు. ఇంతకాలం చిన్న రబ్బర్లు పెట్టుకుని డోలు లేదన్న నేను, స్పాంజీలు రాగానే డోలు ఎక్కువైందని కోసేశాను. నా చెవి మారినప్పుడల్లా లోకం మారిందనుకున్నాను. మా అత్త చెవి మాత్రం మొదటినుంచీ ఒకే చోట ఉంది.

వెంటనే జమ్మలమడుగు బస్సెక్కానని రాస్తే బాగుంటుంది. ఎక్కలేదు. ముందు పనుందనుకున్నాను. తర్వాత, డాక్టరు దగ్గరికి పోతే ఆయనే చెవులు బాగున్నాయని చెప్తాడు కదా, నేను మధ్యలో ఎందుకు అనుకున్నాను. ఆ తర్వాత, డాక్టరు దగ్గరికి పోకుండా ఆమె భయపడి ఆగిపోతే? అన్నం తింటుంటే గుర్తొచ్చేది. ఏదో పెళ్ళి వీడియోలో ముసలామె నవ్వుతుంటే గుర్తొచ్చేది. నేను దేనికైనా జోకు వేయగలను గానీ, దీనికి జోకు మొదటే వేసేశాను. రెండోది దొరకలేదు.

ఆదివారం పోయాను.

అత్త వాకిట్లో వెలుతురుకు కూర్చుని ఫాల్ కుడుతోంది. నన్ను చూసి, “వచ్చినావా అబ్బీ, గట్టిగా మాట్లాడు,” అంది. ఆ ఒక్క మాటతో నేను బస్సులో తయారు చేసుకున్న ఉపోద్ఘాతమంతా పోయింది.

“అత్తా, నీ చెవులకు ఏమీ కాలేదు. డోలు నేనే తీసేసినా.”

“ఏం తీసేసినావు?”

చెప్పాను. స్పాంజి, రబ్బరు, సందు, కుక్కర్ గ్యాస్కెట్, అన్నీ చెప్పాను. ఆమె సూది ఆపకుండా వింది. చివర్లో దారం కొరికి తుంచి, నా వైపు జాలిగా చూసింది.

“నాకు ధైర్యం చెప్పనీకి వచ్చినావు. మంచిదేలే. మీ నాయన పంపించినాడా?”

“లేదత్తా, నిజం.”

“నువ్వు నిజం చెప్పింది ఎప్పుడ్రా? నా పెండ్లిలో అన్నంలో తేలు పడిందని పంక్తి మొత్తాన్ని లేపినావు.”

అదీ నిజమే. మనిషి జీవితమంతా నవ్వులాటకు మాట్లాడితే, ఒక్కసారి నిజం చెప్పాల్సి వచ్చినప్పుడు సాక్షిని తెచ్చుకోవాలి. ఎదురింటి వదినను పిలిచాను. ఆమె చేతికి పిండితోనే వచ్చింది.

“ఏంది మరిదీ, మళ్ళా ఏం కొంప ముంచినావు?”

ముందు చిన్న రబ్బర్లు తొడిగి ఆమె చెవుల్లో పెట్టాను. పాట పెట్టాను.

“డోలు వినపడ్తాందా వదినా?”

“యాడ? గురువు ముక్కుతో పాడేది తప్ప ఏం లే.”

రబ్బర్లు తీసి, స్పాంజీలు తొడిగి, నలిపి దూర్చాను. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

“అబ్బా! వచ్చింది. యాన్నుంచి వచ్చింది ఇది?”

“పాట అదే వదినా. ఏమీ మార్చలేదు.”

అత్త లేచి వచ్చింది. తానూ పెట్టుకుంది. రబ్బరుతో ఒకసారి, స్పాంజితో ఒకసారి, మళ్ళీ రబ్బరుతో. ఇయర్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుని వదిన వైపు తిరిగింది.

“మే, ఆ పొద్దు పులివెందుల్లో నీకు డోలు వినపడిందా?”

వదిన చేతి పిండి రాల్చుకుంది. “లేదక్కా. గురువు గడ్డం చూసి తిరిగినా.”

“మరి చెప్పల్యా?”

“టెంపోలో అందరూ నవ్వుతాన్నారు. నేనూ నవ్వినా.” చేయి కొంగుకు తుడుచుకుని, “నాకే వినపళ్ళేదేమోనని భయమైందక్కా. చెప్తే నన్నూ అంటారని,” అంది.

అయితే ఆ రోజు టెంపోలో కూర్చున్నవాళ్ళలో ఎంతమందికి డోలు వినపడలేదో, ఎంతమంది అది తమ చెవుల లోపమనుకుని పక్కవాళ్ళకంటే గట్టిగా నవ్వారో తెలియదు. గురువును అడుగుదామనుకున్నాను గానీ ధైర్యం చాలలేదు. జేజి వాకిట్లో కూర్చుని నవ్విన నవ్వు ఎట్లాంటిదో మాత్రం నాకు ఆ వాకిట్లోనే అర్థమైంది.

“అయితే నాకు చెవుడు లేదు,” అంది అత్త. నన్ను అడగలేదు, తనకు తానే చెప్పుకుంది.

“లేదత్తా.”

“రబ్బరుకు వచ్చింది చెవుడు.”

“రబ్బరు మంచిదే. చెడ్డోణ్ణి నేనే.”

“అది తెలిసిందే గదా,” అంది. వదిన నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది, ఇక అయిపోయిందనుకున్నాను. వదిన మంచి మనిషి. వెంటనే, “ఇంగేంది, సాయంత్రం ప్రాక్టీసులో నువ్వే ముందుకు రా అక్కా. ముందర నిలబడితే ఫోన్లన్నీ నా మొగం మీదే పెడ్తాండారు, నాకు సిగ్గు,” అంది.

అత్త తల అడ్డంగా ఊపింది.

“వచ్చే పండగ ఆట దాంక నువ్వే ముందర ఉండు మే.”

“ఎందుకక్కా? తప్పు ఈ పిల్లోనిదే గదా!”

“తప్పు వానిదే. కాదనలే.” ఫాల్ మడత పెడుతూ చెప్పింది. “అంతకుముందు దెబ్బ పడితే కాలు దానంతట అదే లేసేది. ఇప్పుడు లేసే ముందు ఒక్క రవ్వ ఆలోచిస్తాండా. వినపడిందా లేదా, నిజంగా పడిందా, నేననుకుంటాండానా అని. ముందర నిలబడేది అట్ల ఆలోచిస్తే వెనక పదిమంది ఒకరి మీద ఒకరు పడ్తారు.”

డాక్టరు చెప్పినా పోని జబ్బు అది. కొత్తగా ఎడిట్ చేసి డోలు ఎంత పెంచినా పోదు. పెంచాను కూడా. అక్కడే కూర్చుని, వదిన వాళ్ళింటి రేకు డబ్బా బాక్సు తెచ్చి, దాంట్లో పెట్టి, అత్త చాలు అనేదాకా పెంచాను. ఆ బాక్సులో దేవుడు దగ్గలేదు, బాగానే పాడాడు.

సాయంత్రం వీధిలో ప్రాక్టీసుకు గురువు వచ్చాడు. డోలాయన కూడా వచ్చాడు, మామ కూతురి పెళ్ళి లడ్లు సంచిలో పట్టుకుని. నేను అందరి ముందూ నిలబడి చేసిన పని చెప్పాను. సగం మంది నమ్మలేదు, మిగతా సగం మంది లడ్లు తింటున్నారు. గురువు మాత్రం, “చెవిలో దూది పెట్టుకుని పాట వండినావన్న మాట,” అని ఊరుకున్నాడు. అత్త వదిన వెనక నిలబడింది. కోలలు పట్టుకునే తీరు అదే. తల మాత్రం పూర్తిగా ఎత్తలేదు. డోలు మీద రెండు లావు దెబ్బలు పడ్డాయి. అందరితో పాటే తిరిగింది. అడుగు తప్పలేదు. ఆ దెబ్బకూ ఆమె కాలికీ మధ్య ఒక వెంట్రుకవాసి ఎడం ఉంది. వేరే ఎవరికీ కనపడి ఉండదు. పెళ్ళి వీడియోల్లో పెదవికీ మాటకూ మధ్య అంత ఎడాన్ని సరిచేయడమే నా పని కాబట్టి నాకు కనపడింది. దీన్ని సరిచేసే బటన్ నా దగ్గర లేదు.

ఇంటికొచ్చాక ఏదో ఒకటి చెప్పాలనిపించింది. క్షమించు అనే మాట మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వాడలేదు, వాడితే అదొక జోకనుకుంటారు. అత్త బోకులు కడుగుతోంది. పక్కన నిలబడ్డాను.

“అత్తా.”

“ఏంది?”

“పండగ అయినాంక ముందుకు పోతావు గదా?”

“చూద్దాం. అంతలోపల నువ్వు జోకులు తగ్గించు, నేను ఆలోచన తగ్గిస్తా.” చేతిలో గ్లాసు బోర్లించింది. “నీ చెవివి గూడా కడిగి పెట్టినా, తీసుకో. ముగ్గురి చెవుల్లో తిరిగినాయి. థూ, గుబిలి.”

బండ మీద, గ్లాసుల పక్కన, సబ్బు నురగతో సహా నా స్పాంజీలున్నాయి. నీళ్ళు పీల్చి రెండింతలు ఉబ్బాయి. స్పాంజి రకాన్ని నీళ్ళతో కడగకూడదు, పొడి గుడ్డతో తుడవాలి. రబ్బరువైతే కడగొచ్చు. అయినా నీళ్ళు పిండి, జేబులో వేసుకున్నాను.